అమ్మానాన్నలూ, కాసేపు బయట కూర్చోండి

నవంబర్ 14 మనకి బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన బాంటింగ్ పుట్టినరోజని. రెండూ ఒకే రోజు పడటంతో ఏటా ఆ వారంలో టైప్ వన్ షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయి, బతికినంతకాలం సూది వేసుకోవాల్సిన రకం) ఉన్న పిల్లల కోసం ఎక్కడో ఒకచోట సభ జరుగుతుంది. పోయినేడు అలాంటి ఒక సభకి నన్నూ పిలిచారు. తొమ్మిదో తరగతి నుంచి సూదులతోనే బతుకుతున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, పెళ్ళయింది, ఒక పాప ఉంది. అందుకని "పిల్లలకి నాలుగు ధైర్యం మాటలు చెప్పండి మేడం" అన్నారు.

ముందు డాక్టరుగారు మాట్లాడారు. తర్వాత మైకు తల్లిదండ్రుల చేతికి వెళ్ళింది. ఒకావిడ మాట పెగలక ఏడ్చేసింది. ఒకాయన షుగర్ చూసుకునే స్ట్రిప్పుల ధర గురించి సబబైన ప్రశ్న అడిగాడు. ఇంకొకాయన లేచి, "మావాడు అస్సలు మాట వినడండీ. దొంగచాటుగా చిప్స్ తింటాడు. కాస్త మీరైనా చెప్పండి" అంటూ పక్కనే కూర్చున్న కొడుకుని అందరికీ చూపించాడు. ఆ కుర్రాడికి పదిహేనేళ్ళుంటాయేమో. తల ఎత్తలేదు. నేను చెప్పాల్సిన ధైర్యం మాటలు నా గొంతులోనే ఉండిపోయాయి, ఏదో మర్యాదకి రెండు ముక్కలు చెప్పి దిగిపోయాను. అంతమంది పిల్లలున్న హాల్లో మైకు పట్టుకున్న పిల్ల ఒక్కతే, అదీ ప్రార్థన పాడటానికి.

అసలు సభ భోజనాల దగ్గర జరిగింది. పిల్లలంతా ఒక మూలకి చేరారు. పులిహోర ప్లేటు చూపించి ఒకమ్మాయి "దీనికి నువ్వు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేస్తావ్?" అని ఇంకో అమ్మాయిని అడుగుతోంది. ఇందాకటి చిప్స్ కుర్రాడు పక్కవాడితో, "రాత్రి షుగర్ పడిపోయి లో అయితే ఎవర్ని లేపుతావ్ రా?" అన్నాడు. "ఎవర్నీ లేపను. దిండు కింద గ్లూకోజ్ పొడి పెట్టుకుంటా. అమ్మని లేపితే తెల్లారేదాకా పడుకోదు." డిగ్రీ చదివే ఒకబ్బాయి చిప్స్ కుర్రాడి చొక్కా అంచు ఎత్తి పొట్ట తడిమి చూసి, "ఎప్పుడూ ఇక్కడే పొడుచుకుంటున్నావు కదూ? గడ్డ కట్టింది చూడు. ఇక్కడ వేస్తే మందు సరిగా ఒంట్లోకి వెళ్ళదు. నీ షుగర్ పెరగడానికి చిప్స్ ఒక్కటే కారణం కాదు" అన్నాడు.

ఆ కుర్రాడు ఆ రోజు తలెత్తింది అప్పుడే. ఈలోగా వాళ్ళమ్మ వచ్చి "పెరుగన్నం తిన్నావా నాన్నా?" అంది. మూల ఖాళీ అయిపోయింది.

అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతున్న వాదన ఇది. దీర్ఘకాలిక జబ్బున్న పిల్లలకి, ముఖ్యంగా పదమూడు నుంచి పాతికేళ్ళ మధ్య వాళ్ళకి, అదే జబ్బున్న తోటివాళ్ళతో కూర్చుని మాట్లాడుకునే చోటు వైద్యంలో భాగంగా ఉండాలి. ఏడాదికోసారి సభలో భోజనాల దగ్గర దొరికే పది నిమిషాలు చాలవు. ఆ చోట తల్లిదండ్రులు ఉండకూడదు. మొదటి మాటకి అందరూ తలూపుతారు. గొడవంతా రెండోదాని దగ్గరే.

పెద్దల గుంపులు ఎక్కువ, పిల్లల గుంపులు తక్కువ

మన దగ్గర తోడు లేదని అనలేం. టైప్ వన్ పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో రెండింటిలో నేనూ ఉన్నాను. చాలా మంచి గ్రూపులు. అర్ధరాత్రి ఒకమ్మ "పాపకి వాంతులు, కీటోన్లు ఉన్నాయి, ఏం చెయ్యను" అని (ఇన్సులిన్ చాలక ఒంట్లో పేరుకునే ఆమ్లాలవి, ప్రమాదం) పెడితే నిమిషాల్లో జవాబులొస్తాయి. ఇన్సులిన్ దొరకని ఊరికి ఇంకో ఊరి నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినవాళ్ళున్నారు. ఆ తల్లుల మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ ఆ గ్రూపుల్లో ఉన్నది అమ్మల జబ్బు. అమ్మ భయం, అమ్మ నిద్ర, అమ్మ అత్తగారి మాటలు. పిల్ల గురించి రోజంతా మాట్లాడుకుంటారు, పిల్ల ఎక్కడా ఉండదు. ఆరేళ్ళ బిడ్డకి అది సరిపోతుంది. పదహారేళ్ళకి సరిపోదు.

2021లో వేసిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో ఇరవై ఏళ్ళలోపు టైప్ వన్ వాళ్ళు 2.29 లక్షల మంది. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు. అయినా ఏ బడిలో చూసినా ఆ పిల్ల ఒక్కతే. ఈ విషయంలో థలసీమియా పిల్లలది వేరే పరిస్థితి. వాళ్ళు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చి పక్కపక్క మంచాల మీద గంటల తరబడి గడపాలి. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన థలసీమియా, సికిల్ సెల్ సొసైటీలాంటి చోట్ల ఆ పిల్లలు ఒకరినొకరు చూస్తూ పెరుగుతారు. ఆ బతుకు తేలికని నేననను, చాలా కష్టం. కానీ తనలాంటి ఇంకొకరిని చూడటానికి వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. టైప్ వన్ పిల్ల సూది ఇంట్లోనే వేసుకుంటుంది, మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి పావుగంటలో వచ్చేస్తుంది. నాకు ఇంకో టైప్ వన్ మనిషి ఎదురుపడింది ఇంజినీరింగ్‌లో, అదీ క్యాంటీన్‌లో ఒకమ్మాయి టేబుల్ కింద ఇన్సులిన్ పెన్ తిప్పుతూ యూనిట్లు లెక్కపెడుతుంటే ఆ క్లిక్కుల చప్పుడు గుర్తుపట్టాను కాబట్టి.

ఈ సంగతి డాక్టర్లకి కొత్త కాదు. టొరంటోలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇన్సులిన్ ఇచ్చింది 1922 జనవరిలో. మూడేళ్ళు తిరిగేసరికి, 1925లో, అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ వెంట్ షుగర్ పిల్లల కోసం వేసవి శిబిరం పెట్టేశాడు. మందు దొరికి పట్టుమని నాలుగేళ్ళు కాకముందే ఎవరో ఒక డాక్టరుకి తట్టింది, ఈ పిల్లల్ని ఒకచోట చేర్చాలని. మనం వందేళ్ళ తర్వాత కూడా ప్రార్థన పాడిస్తున్నాం.

డాక్టరు గదిలో అడగలేనివి

డాక్టర్ల తప్పేమీ లేదు, నిజానికి. బయట నలభై మంది కూర్చుని ఉంటే లోపల పావుగంటలో ఏం చెప్తారు? డోసు చూస్తారు, హెచ్‌బీఏవన్‌సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూస్తారు, కళ్ళ పరీక్ష రాస్తారు. పైగా పక్క కుర్చీలో అమ్మ ఉంటుంది.

అమ్మ ఉన్నచోట ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు బీరు గురించి అడుగుతాడా? తాగొద్దని అందరూ చెప్తారు. కానీ ఫ్రెండ్ పెళ్ళిలో తాగి, ఏమీ తినకుండా, పొద్దుటి లెక్క ప్రకారమే ఇన్సులిన్ వేసుకుని పడుకుంటే ఏమవుతుందో చెప్పేవాళ్ళేరీ? కాలేయం ఆ మద్యం పనిలో పడి, రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. ఎప్పుడో తెల్లవారుజామున, నిద్రలో, షుగర్ పడిపోతుంది. పక్కనున్నవాళ్ళు మత్తనుకుంటారు. ఈ ముక్క ఒక సీనియర్ చెప్తే వాడు వింటాడు, ఎందుకంటే ఆ సీనియర్ తాగొద్దని మొదలుపెట్టడు, "నాకు ఒకసారి ఇలా అయింది" అని మొదలుపెడతాడు.

నెలసరికి ముందు మూడు నాలుగు రోజులు చాలామంది అమ్మాయిలకి షుగర్ ఊరికే పెరుగుతుంది, ఎంత వేసినా దిగదు. నాకు ఇంటర్లో ఈ సంగతి తెలీదు. ఇంట్లో నా సంచులు వెతికేవాళ్ళు, ఏం తిన్నానోనని. క్యాంటీన్‌లో దొరికిన ఆ అమ్మాయి చెప్పాకే తెలిసింది. యుక్తవయసు హార్మోన్ల సంగతీ అంతే. షుగర్‌ని గట్టిగా అదుపులో పెడితే కళ్ళూ కిడ్నీలూ బాగుంటాయని 1993లో తేల్చిన ఆ పెద్ద అమెరికా పరిశోధనలో కూడా, అంత శ్రద్ధగా చూసుకున్నా, టీనేజీ వాళ్ళ సగటు పెద్దవాళ్ళకంటే ఎక్కువే వచ్చింది. ఒళ్ళే ఎదురు తిరిగే వయసది. ఈ మాట చెప్పకుండా "క్రమశిక్షణ లేదు" అనడం ఎంత తేలికో.

ఇక హాస్టళ్ళు. మన ఇంటర్ హాస్టళ్ళ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామునే స్టడీ అవర్. టిఫిన్ ఏడున్నరకని ఏడుంబావుకి ఇన్సులిన్ వేసుకుంటే, ఆ రోజు ఇడ్లీ ఎనిమిదింబావుకి వస్తుంది, ఈలోగా షుగర్ పడిపోతుంది. తినుబండారాలు గదిలో ఉండకూడదని వార్డెన్ గ్లూకోజ్ బిస్కట్లు తీసేసుకుంటుంది. ఫ్రిజ్ ఆఫీసు రూములో ఉంటుంది, తాళం ఇంకెవరి దగ్గరో. ఇలాంటి చోట రెండేళ్ళు గడిపి బయటపడ్డ పిల్లకి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని విద్యలు వస్తాయి. ఇన్సులిన్ వేసుకునే ముందు మెస్‌లోకి తొంగిచూసి ఇడ్లీ దిగిందో లేదో చూసుకోవడం. జామెట్రీ బాక్సులో చక్కెర పొట్లాలు. రూమ్మేటుకి ముందే "నేను అర్థంలేకుండా తిట్టానంటే కోపం కాదు, షుగర్ పడిందని, నోట్లో చక్కెర వెయ్యి" అని చెప్పి ఉంచడం. పరీక్ష హాల్లోకి గ్లూకోజ్ బిళ్ళలు, పండ్లు, నీళ్ళు తీసుకెళ్ళొచ్చని సీబీఎస్ఈ 2017లోనే సర్క్యులర్ ఇచ్చింది. 2023లో బాలల హక్కుల జాతీయ కమిషన్ బడిలో షుగర్ చూసుకోనివ్వాలి, ఇన్సులిన్ వేసుకోనివ్వాలి అని రాష్ట్రాలకి రాసింది. ఆ కాగితం ప్రింటు తీసి హాల్ టికెట్‌తో పాటు పెట్టుకోమని చెప్పేది మాత్రం ముందేడు పరీక్ష రాసిన పిల్లే.

ఆకు పసరు సంగతి

ఇప్పుడు ఎదురు వాదన. ఒక డాక్టరుగారితో ఇదంతా చెప్తే ఆయన ఒకటే మాటన్నారు: "పేషెంట్లు పేషెంట్లకి చెప్పుకోవడం మొదలుపెడితే సగం మంది ఇన్సులిన్ మానేస్తారమ్మా."

ఆయన భయం ఉత్తది కాదు. టైప్ వన్ తేలి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకి చాలామందిలో డోసు బాగా తగ్గిపోతుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో మిగిలిన కాసినీ కాస్త ఊపిరి తీసుకుని పనిచేస్తాయి, అంతే. డాక్టర్లు దాన్ని హనీమూన్ అంటారు. కొన్ని నెలలుంటుంది, కొందరికి ఏడాది. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంట్లోవాళ్ళు ఎవరో చెప్పిన ఆకు పసరు పోయిస్తూ ఉంటారు. డోసు తగ్గగానే ఘనత పసరుకి వెళ్ళిపోతుంది. "మా పాపకి తగ్గిపోయింది" అని నలుగురికీ చెప్తారు, నమ్మకంతోనే చెప్తారు. ఆ మాట విని ఇన్సులిన్ ఆపేసిన ఇల్లు నాలుగు రోజుల్లో ఎమర్జెన్సీ వార్డులో ఉంటుంది. అలా చేరిన పిల్లల్లో అందరూ తిరిగి రాలేదు.

కానీ ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆ అబద్ధాన్ని ఎవరు ఆపగలరు? డాక్టరు "నమ్మకండి" అంటే, "ఆయన అలాగే అంటాడు, మందులు అమ్ముకోవాలిగా" అనుకునే లోకం మనది. అదే ఏడేళ్ళ పాత పేషెంటు, "నాకూ ఆరు యూనిట్లకి పడిపోయింది ఆంటీ, మా నానమ్మ కూడా ఏదో పసరు తాగించింది, తొమ్మిదో నెలకి మళ్ళీ నలభైకి వెళ్ళింది" అంటే ఆ ఆంటీ ఆలోచనలో పడుతుంది. కొత్తవాళ్ళతో మాత్రమే నిండిన గుంపు ప్రమాదం, డాక్టరుగారు కరెక్టే. పాతవాళ్ళు ఉన్న గుంపు వేరు. వయసులో మరీ పెద్దవాళ్ళు కాదు, నాలుగైదేళ్ళు ముందు నడిచినవాళ్ళు. సభలో నాలాంటి ముప్ఫైల్లో ఉన్నావిడని తెచ్చి నిలబెడితే పదిహేనేళ్ళవాడికి నేను ఇంకో అమ్మనే.

ఇంకో ప్రశ్నకి నా దగ్గర ఇంత తేలికైన జవాబు లేదు. ఇన్సులిన్‌తో ఒళ్ళొస్తోందని డోసులు ఎగ్గొట్టే అమ్మాయిలున్నారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ సంగతి వాళ్ళు డాక్టరుకి చెప్పరు, అమ్మకి అసలే చెప్పరు, చెప్తే తోటి పిల్లకే చెప్తారు. విన్న పిల్ల ఏం చెయ్యాలి? దాచితే ప్రమాదం. చెప్తే ఇక ఎవరూ ఆ గదిలో నోరు విప్పరు. అందుకే ఊరికే పిల్లల్ని ఒక గదిలో వదిలేసి రమ్మనడం లేదు నేను. ఆ సీనియర్లకి శిక్షణ ఉండాలి, ప్రాణాపాయం ఉన్నమాట మాత్రం బయటికి వెళ్తుందని మొదటిరోజే అందరికీ చెప్పాలి, వాళ్ళ వెనక ఫోనెత్తే నర్సో కౌన్సెలరో ఉండాలి. ఇంత చేసినా ఒకరిద్దరు చెప్పకుండా మిగిలిపోతారు. తల్లి ఉన్న గదిలోనైతే ఎవరూ చెప్పరు.

చావు గురించి కూడా అంతే. మా ఎరికలో ఒక కుర్రాడు పోయాడు, ఇరవై రెండేళ్ళవాడు. పెద్దల గ్రూపులో మూడు రోజులు మాటల్లేవు. పిల్లలకి మాత్రం "బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, బిజీ" అని చెప్పారు. ఆర్నెల్ల తర్వాత ఒకమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో వాడి ఫోటో కింద కామెంట్లు చూసి తెలుసుకుంది. నాకు ఫోన్ చేసి ఏడవలేదు, కోప్పడింది. "అందరికీ తెలుసా అక్కా? మాకే తెలీదా?"

సెన్సరున్నవాళ్ళు, స్ట్రిప్పు దాచుకునేవాళ్ళు

తోటివాళ్ళంటాం గానీ ఒకే జబ్బుంటే ఒకే బతుకు కాదు. ఒక కుర్రాడి చేతికి షుగర్ ఎప్పటికప్పుడు చూపించే సెన్సరు ఉంటుంది, పద్నాలుగు రోజులకోసారి వేల రూపాయలు పెట్టి మారుస్తారు, ఫోన్లో గీత చూసుకుంటాడు. పక్కన కూర్చున్న పిల్ల రోజుకి ఒక్క స్ట్రిప్పుతో సరిపెడుతోంది, అదీ తండ్రికి ఆ వారం పని దొరికితే. వాడు అమాయకంగా "నువ్వు సెన్సరు ఎందుకు పెట్టుకోవు?" అంటాడు. ఆ పిల్ల మళ్ళీ రాదు. నేను చూశాను. ఇంకో రకం పోటీ ఉంటుంది, హెచ్‌బీఏవన్‌సీ మార్కుల్లా చెప్పుకోవడం. నీకెంత, నాకు ఆరున్నర. ఇందులో తక్కువ వస్తేనే గొప్ప. పదకొండు వచ్చినవాడు ఆ పూట పెందలాడే వెళ్ళిపోతాడు. అందుకే ఆ గదిలో అంకెలు చెప్పుకోవడం ఉండొద్దంటాను నేను. ఇక్కడ నాతో ఏకీభవించనివాళ్ళు చాలామందే ఉన్నారు, అంకెలు లేకుండా షుగర్ గురించి ఏం మాట్లాడతారని. ఏమో, పులిహోర గురించి మాట్లాడుకోవచ్చు.

అసలు గుంపే వద్దనేవాళ్ళనీ కాదనలేను. నా క్యాంటీన్ స్నేహితురాలే ఒకసారి అంది: "నాకు షుగర్ లేని స్నేహితులు కావాలే. నీతో ఉంటే రోజంతా అదే గుర్తొస్తుంది." రెండేళ్ళు మాట్లాడలేదు నాతో. పెళ్ళి సంబంధాలు చూసే ముందు వచ్చింది, అబ్బాయికి ముందే చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అని అడగడానికి. ఇంట్లోవాళ్ళు దాచమన్నారు. మనలో చాలా ఇళ్ళు దాస్తాయి, పిల్లని అలాంటి సమావేశాలకి పంపకపోవడానికి సగం కారణం అదే, ఎవరైనా చూస్తారని. కాబట్టి ఆ తలుపు బలవంతంగా తోయించేది కాకూడదు. మానేసి, మళ్ళీ రెండేళ్ళకి వచ్చినా తీసి ఉండాలి.

ఇక పరిశోధనలు ఏమంటున్నాయని అడిగేవాళ్ళకి: తోటివాళ్ళ తోడు వల్ల హెచ్‌బీఏవన్‌సీ తగ్గుతుందా అంటే ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి, కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల ఏమీ మారలేదు. దిగులు, ఒంటరితనం విషయంలో లాభం ఎక్కువ కనిపిస్తుంది. "మరి అంకె దిగనప్పుడు ఆసుపత్రి ఎందుకు ఖర్చుపెట్టాలి?" అంటే, ఫాలో అప్‌కి రావడం మానేసిన పిల్ల అంకె ఎవరి దగ్గరా ఉండదు కదా అంటాను.

పద్దెనిమిది నిండాక

వాళ్ళు ఎక్కువగా మానేసేది కూడా ఒక పద్ధతి ప్రకారమే. పద్దెనిమిది నిండగానే పిల్లల డాక్టరు "ఇక పెద్దవాళ్ళ ఓపీకి వెళ్ళమ్మా" అంటారు. నేనూ అలాగే వెళ్ళాను. హాలు నిండా మా తాతయ్య వయసు వాళ్ళు, కాళ్ళకి కట్లతో. పక్కనున్న పెద్దాయన జాలిగా "ఇంత చిన్న వయసులోనా? స్వీట్లు బాగా తినేదానివా?" అన్నాడు. ఆయన్నేమనగలం. పైగా గోడ మీద పోస్టర్: నడవండి, బరువు తగ్గండి, షుగర్‌ని జయించండి. నలభై రెండు కిలోలున్నాను అప్పుడు. అక్కడ కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్లకి తన భవిష్యత్తు ఆ కట్లలో కనిపిస్తుంది. తర్వాతిసారి రాదు.

నాకు చేతనైతే మొదటి గుంపు సరిగ్గా అక్కడ పెడతాను, పదహారు నుంచి ఇరవై రెండు మధ్య వాళ్ళకి. పిల్లల ఓపీ వదిలే ముందే ఆ సీనియర్లు పరిచయమై ఉంటే, పెద్దల ఓపీకి వెళ్ళే మొదటి రోజు పక్కన ఒకరు ఉంటారు. ఆ సీనియర్లకి ఎంతో కొంత డబ్బివ్వాలి. సేవ పేరు చెప్పి ఇరవై రెండేళ్ళవాళ్ళ శనివారాలు ఉచితంగా తీసుకుంటే ఏడాదికి ఎవరూ మిగలరు. అది డాక్టరుగారికి నచ్చలేదు. "డబ్బిస్తే ఉద్యోగం అయిపోతుందమ్మా" అన్నారు. అవ్వాలనే కదా నా గోల.

పసరు భయం చెప్పింది కూడా ఆ డాక్టరుగారే. రెండుసార్లు వాదించుకున్నాం, ఫోన్లో ఒకసారి, ఆయన క్యాబిన్‌లో ఒకసారి. చివరికి రెండో శనివారం మధ్యాహ్నం ఫిజియోథెరపీ గది ఇస్తానన్నారు, ఆ పూట ఓపీ ఉండదు కాబట్టి. నర్సుని ఇవ్వలేనన్నారు, ఫోన్ నంబరు మాత్రం ఇస్తారట. తల్లిదండ్రులు కింద రిసెప్షన్‌లో కూర్చోవాలన్నదానికి ఒప్పుకున్నారు, రాతపూర్వకంగా సంతకం పెట్టించుకోవాలన్నారు. స్ట్రిప్పులు, గ్లూకోజ్ ఎవరు కొంటారన్నది, సీనియర్లకి బస్సు ఛార్జీకి మించి ఇవ్వగలమా అన్నది ఇంకా తేలలేదు. భోజనాల దగ్గర చొక్కా ఎత్తి చూసిన ఆ డిగ్రీ అబ్బాయిని అడిగాను. సెమిస్టర్ పరీక్షలయ్యాక చెప్తానన్నాడు.